దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే గాటన కట్టకండి: హేతువాద మిత్రులకు బహిరంగ లేఖ

హేతువాద, నాస్తిక, జనవిజ్ఞాన సంఘాల వక్తలకూ కార్యకర్తలకూ,

నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. పాతికేళ్లుగా మీ సభలకు బల్లలు మోశాను, గ్లిసరిన్ సీసాలు మోశాను. మైకు పట్టుకున్నది మాత్రం తక్కువ. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టేది నా భార్య, అగ్గిపెట్టె తెచ్చేది నేను. ఈ సంగతి ముందే చెప్పకపోతే కింద రాసినదంతా ఎవరో భక్తుడి ఏడుపని మడిచి పక్కన పెట్టేస్తారేమోనని భయం.

ఇదే విషయం మీద మన సంఘం కార్యవర్గానికి రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికీ లేదు. వార్షిక సమావేశంలో లేచి నిలబడితే మూడు నిమిషాలు ఇచ్చారు. రెండో నిమిషంలో భోజనాలకు పిలిచారు. అందుకని నలుగురి ముందు పెడుతున్నాను. సంఘం పేరు రాయను. ఈ అలవాటు ఒక్క సంఘానిది కాదు.

జరిగినది ఇది. నిరుడు మాఘమాసంలో పాత మెదక్ జిల్లాలో ఒక ఊరికి వెళ్లాం. ఆ ఊళ్లో ఒక ముసలామె బాణామతి, అంటే చేతబడి లాంటిది, చేస్తోందని పుకారు. ఒక ఇంట్లో వారం తేడాతో రెండు గేదెలు చనిపోయాయి. అదే ఇంటి కుర్రాడికి వాంతులు పట్టుకుని తగ్గలేదు. ఒక తెల్లవారి వాళ్ల గుమ్మం ముందు కోసిన నిమ్మకాయ కనిపించింది. అది ఎవరు పెట్టారని ఎవరూ ఆరా తీయలేదు, ఆమె పేరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మేం వెళ్లేసరికి బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు తీసేసుకునే దాకా వచ్చింది.

సాయంత్రం చావడి దగ్గర ప్రదర్శన. మా వక్త మంచి పనివాడు. మధ్యాహ్నమే మందార రేకులు నలిపి కత్తికి రుద్ది ఆరబెట్టుకున్నాడు. సభలో ఆ కత్తితో నిమ్మకాయ కోయగానే ఎర్రటి రసం కారింది. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. కత్తి కడిగి ఇంకో కాయ కోశాడు, మామూలు రసమే. అప్పుడు పువ్వు చూపించాడు. చంకలో బిడ్డతో ఒకామె లేచి వచ్చి, బిడ్డను నాకు అందించి, తానే రేకులు రుద్ది కాయ కోసింది. ఎర్రబడింది. ఊరు ఊరంతా నవ్వింది. తరువాత హోమగుండం: ఇటుకల మధ్య పొటాషియం పర్మాంగనేటు చల్లి, నెయ్యి అని చెప్పి గ్లిసరిన్ పోశాం. కొన్ని క్షణాలకు అగ్గిపుల్ల లేకుండా మంట లేచింది. దాని గుట్టు కూడా విప్పి చెప్పాడు. కుర్రాడి తండ్రి కూడా నవ్వడం నేను చూశాను. ఆ నవ్వులో బాణామతి సగం చచ్చింది.

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. మా వక్త మైకు దగ్గరికి లాక్కుని అన్నాడు: "ఈ దెయ్యం ఎంత నిజమో మీ పోచమ్మ కూడా అంతే నిజం. దేవుడు, దెయ్యం, ఒంటికొమ్ము గుర్రం, అన్నీ ఒకే బుట్టలోవి."

మొదట లేచింది నిమ్మకాయ కోసిన ఆమే. ఒక్క మాట అనలేదు. నా చేతిలోంచి బిడ్డను తీసుకుని వెళ్లిపోయింది. పది నిమిషాల్లో చాపల మీద మేమూ, డప్పు కొట్టడానికి వచ్చినతనూ, ఆ ముసలామే మిగిలాం. సామాను సర్దుకుంటుంటే కుర్రాడి తండ్రి వచ్చి ఎంతో మర్యాదగా అడిగాడు: "సారూ, అమ్మవారు ఎంతో బాణామతి కూడా అంతే అన్నారు. మా అమ్మవారైతే ఉంది. మరి బాణామతి కూడా ఉన్నట్టేనా?"

నెల తిరగకముందే ముసలామె ఇంటికి తాళం వేసుకుని కూతురి ఊరికి వెళ్లిపోయింది. కుర్రాడికి వచ్చింది పచ్చకామెర్లని తరువాత తెలిసింది. గేదెల సంగతి ఒక పశువైద్యుణ్ణి అడిగితే, కోసిన జొన్నచేలో మళ్లీ మొలిచిన పిలకలు మేస్తే ఆ విషానికి పశువులు చూస్తుండగానే పడిపోతాయన్నాడు. ఈ రెండు సంగతులూ ఆ సాయంత్రం మాకు తెలియవు. తెలుసుకోవాలని తోచలేదు కూడా. మా దగ్గర పోలిక సిద్ధంగా ఉంది కదా.

ఇక నేను చెప్పదలచుకున్నవి.

1. సమీకరణానికి రెండు వైపులుంటాయి. ఇది లెక్కలు తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. దెయ్యం ఈజ్ ఈక్వల్ టు దేవుడు అని మనం రాసినప్పుడు, దెయ్యం లేదు కాబట్టి దేవుడూ లేడని మనం ఎడమ నుంచి కుడికి చదువుతున్నాం. వినేవాడికి దేవుడు ఉన్నాడు. అతను కుడి నుంచి ఎడమకు చదువుతాడు. కుర్రాడి తండ్రి వేసిన ప్రశ్నలో తర్కదోషం ఒక్కటి కూడా లేదు. దెయ్యం మీద అతనికి అప్పటికే సందేహం పుట్టింది. ఆ సందేహాన్ని దేవుడి బలంతో మాన్పి పంపినవాళ్లం మనమే.

2. పోలిక పూర్తిగా తప్పని నేను అనను. బ్రిటిష్ తత్వవేత్త బర్ట్రాండ్ రసెల్ 1952లో ఒక పత్రిక అడిగితే రాసి, ఆ పత్రిక అచ్చు వేయని వ్యాసంలో టీ పాత్ర సంగతి చెప్పాడు. భూమికీ అంగారకుడికీ నడుమ ఒక పింగాణీ టీ పాత్ర సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, ఎంత పెద్ద దూరదర్శినికీ కనబడనంత చిన్నది అని ఒకడంటే, లేదని మీరు నిరూపించలేరు. అంతమాత్రాన నమ్మాలా? రుజువు చూపించే బరువు చెప్పినవాడి మీదే ఉంటుందన్నది ఆ మాట సారం. దానితో నాకు పేచీ లేదు. 2005లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విద్యామండలి జీవపరిణామ పాఠం పక్కన సృష్టికర్త వాదానికి కూడా చోటివ్వాలని చూసినప్పుడు, భౌతికశాస్త్రం చదివిన ఒక కుర్రవాడు మండలికి బహిరంగ లేఖ రాశాడు: లోకాన్ని సృష్టించింది ఎగిరే స్పఘెట్టి భూతం, దానికీ తరగతిలో సమాన సమయం ఇవ్వండి అని. చక్కగా తగిలింది. కానీ ఎవరికి తగిలింది? పాఠ్యప్రణాళిక రాసే అధికారులకు. మన చావడి దగ్గర అదే వెక్కిరింత గేదెలు చచ్చిన ఇంటికి తగిలింది.

మన ప్రాచీన తార్కికులు ఈ పోలికను ఇంకా దగ్గరగా చూశారు. లేనిదానికి వాళ్ల ఉదాహరణ కుందేటి కొమ్ము, శశవిషాణం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాళ్లు మన దగ్గర కొల్లలు గానీ, కొమ్ము ఉందన్నవాడు లేడు. కుందేటికి కొమ్ము లేదని ఎలా తెలుసు? కొమ్ము కంటికి కనిపించే వస్తువు. ఉంటే తల మీద కనిపించాలి. కనిపించలేదు కాబట్టి లేదు. దీనికి వాళ్లు యోగ్యానుపలబ్ధి అని పేరు పెట్టారు, అంటే కనిపించగలిగినది కనిపించకపోవడం. అసలు కనిపించే యోగ్యతే లేనిదాన్ని కనిపించలేదన్న ఒక్క కారణంతో కొట్టేయలేమని సుమారు వెయ్యేళ్ల క్రితం న్యాయదర్శన పండితుడు ఉదయనాచార్యుడు తన న్యాయకుసుమాంజలి గ్రంథంలో వాదించాడు. దేవుణ్ణి కుందేటి కొమ్ముతో పోల్చేవారికి ఆయన ఇచ్చిన జవాబు అది. దేవుడున్నాడని ఆయన చూపించిన మిగతా కారణాలు నన్ను ఒప్పించలేదు. కుండకు కుమ్మరి ఉన్నట్టు జగత్తుకు కర్త ఉండాలన్న వాదాన్ని బౌద్ధులూ జైనులూ సరే, వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులే ఒప్పుకోలేదు. కానీ ఈ ఒక్క మెలిక గట్టిది.

గట్టిదే కాదు, రెండు వైపులా పదునున్నది. దేవుడు ఇంద్రియాలకు అందడు అని చెప్పి తప్పించుకున్న భక్తుడు, ఆ క్షణం నుంచి దేవుడి పేరున ఫలానా వాడి జ్వరం తగ్గిందని గానీ, ఫలానా ఆమె ఒంట్లోకి ఫలానాది దూరిందని గానీ చెప్పే హక్కు వదులుకున్నట్టే. చెప్పాడంటే అది కనిపించగలిగిన సంగతి, పరీక్షకు నిలబడాలి. అంటే దేవుణ్ణీ దెయ్యాన్నీ పక్కపక్కన నిలబెట్టి తూచడం కాదు మన పని. ఎవరి పేరున చెప్పినా, ఆ చెప్పిన మాట పరీక్షకు అందేదా కాదా అని చూడడం. చింతచెట్టు మీద దెయ్యం ఉందన్నది అందే మాట, రాత్రి వెళ్లి చూడవచ్చు. తాయెత్తుతో మూర్ఛ తగ్గుతుందన్నది అందే మాట. పోయిన కొడుకు దేవుడి దగ్గర ఉన్నాడని ఒక తల్లి అనుకోవడం అందే మాట కాదు. ఆమె మన నుంచి రుజువు అడగలేదు, మనకు ఇవ్వనూ అక్కరలేదు.

ఒకసారి ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి అడిగింది, దేవుడూ దెయ్యమూ ఒకటేనా సార్ అని. నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి, పరీక్షించగలిగినవి ఒక పక్కకు, పరీక్షించలేనివి ఒక పక్కకు రాయించాను. పిల్లలు దెయ్యాన్ని మొదటి పక్కన రాశారు. దేవుడి దగ్గరకు వచ్చేసరికి గొడవపడి రెండు పక్కలా రాశారు. పెద్దవాళ్లం మనకు ఇంతకంటే మెరుగైన జవాబు దొరికిందని నేను అనుకోను.

3. రాహువు పోయాడు, బ్రహ్మ ఉన్నాడు. 499లో ఆర్యభటుడు గ్రహణానికి కారణం నీడలని రాశాడు. సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది. సూర్యుణ్ణి మింగే రాహువుకు ఆయన లెక్కలో పని లేదు. అదే గ్రంథం మొదటి శ్లోకంలో ఆయన బ్రహ్మకు నమస్కారం పెట్టాడు. భూతాన్ని వదిలినవాడు దేవుణ్ణి వదలలేదు, అయినా లెక్క చెడలేదు. తరువాత 628లో బ్రహ్మగుప్తుడు గ్రహణాలను ఎంతో నేర్పుగా గణించి కూడా, రాహువును కాదనడం స్మృతులకు విరుద్ధమని ఆర్యభటుడి పక్షం వాళ్లను తప్పుపట్టాడు. ఆయనకు లెక్క తెలియక కాదు. రాహువును కాదంటే శాస్త్రమంతా కాదన్నట్టవుతుందన్న భయం. మన వక్త ఆ సాయంత్రం ఆ ఊరికి నూరిపోసినది సరిగ్గా ఈ భయాన్నే.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు సర్దుకుని కూర్చుంటే, మా వీధిలో పట్టపగలు తలుపులన్నీ మూసి ఉన్నాయి. తరువాతి గ్రహణాలకు గర్భిణులను బయటికి పిలిచి అన్నం పెట్టిన విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లలాంటివారి శ్రమ చిన్నది కాదు. వాళ్లు అన్నం తినిపించి చూపించారు. నాకు నచ్చేది ఆ పద్ధతి.

4. మశూచి పోయింది, పోచమ్మ ఉంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. నాకు తొమ్మిది, పదేళ్లప్పుడు మా ఊరికి టీకాలు వేసే ఆయన వచ్చాడు. చేతిలో రెండు మొనల సూది. మా నాయనమ్మ తలుపు వేసేసింది. ఒంటి మీద పోసినది సాక్షాత్తు పోచమ్మ తల్లి, ఆమెను సూదితో పొడుస్తారా అని లోపలి నుంచి అరిచింది. ఆయన కోప్పడలేదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. దాహానికి అడిగితే లేదనకూడదు కాబట్టి తలుపు తెరిచింది. చెంబెడు నీళ్లూ తాగి, "తల్లికి కోపం రాకుండా మీరు మొక్కుకోండి అమ్మా, పిల్లవాడి చెయ్యి మాత్రం ఇటివ్వండి" అన్నాడు. మా నాయనమ్మ కళ్లు మూసుకుని మొక్కుకుంటూనే నా చెయ్యి పట్టుకుని ఇచ్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఎడమ భుజం కింద ఉంది.

టీకాల చరిత్రలో బలవంతాలు కూడా జరిగాయి, తెలుసు. కానీ ఫలితం చూడండి. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైంది. 1977లో దేశానికి మశూచి పీడ విరగడైందని ధ్రువీకరించారు. 1980 మే 8న ప్రపంచానికే పోయిందని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది. పోచమ్మ గుడి మాత్రం అక్కడే ఉంది. బోనాలు నా చిన్నప్పటికంటే ఘనంగా జరుగుతున్నాయి, వాటి వల్ల ఒక్కరికీ మశూచి తిరిగి రాలేదు. అరుగు మీద కూర్చున్న ఆ మనిషి, ముందుగా పోచమ్మ లేదని ఒప్పించి తరువాతే సూది తీద్దామనుకుని ఉంటే, ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో.

5. గీత ఎక్కడ గీయాలో తెలియని చోట్లు ఉన్నాయి. దాచిపెట్టను. పూనకం అలాంటిది. బోనాల మరునాడు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం, అంటే భవిష్యవాణి, చెప్పే ఆమె, వానలు పడతాయి, నా బిడ్డలను చల్లగా చూస్తాను అంటుంది. దానివల్ల ఎవరి బిందె ఎవరూ తీసేయరు. అదే పూనకంలో ఇంకో ఊళ్లో ఒక శివసత్తు, అంటే దేవత పూనే ఆమె, వేలు చూపించి ఫలానా ఇంటి ముసలిది చేసింది అంటే, ఆ రాత్రి ఒక మనిషి పళ్లు ఊడగొట్టవచ్చు. మంత్రం పలకకుండా పళ్లు పీకడం మన పల్లెల్లో జరిగిన పనే. ఏజెన్సీలో చిల్లంగి అన్నా, ఇక్కడ బాణామతి అన్నా, చేతబడి అన్నా, చివరికి దెబ్బ తగిలే ఒళ్లు ఒకటే: ఒంటరి ఆడది, వయసు మళ్లినవాడు, ఊరి చివరి ఇల్లు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 85 హత్యలకు కారణం మంత్రవిద్య అనుమానం. చనిపోకుండా ఊరు వదిలిపోయినవాళ్ల లెక్క అందులో లేదు. మా ముసలామె అందులో లేదు. పూనకం దేవుడిదా దెయ్యానిదా అని మనం వాదించే గంటలో, చూపించిన వేలు ఎటు ఉందో చూడడం మరిచిపోతాం.

6. పాము సంగతి. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఆమెకు అది కాటేస్తుందని మనకంటే బాగా తెలుసు. ఆమెకు పగబట్టే పాము కథ చెప్పి నవ్వడం తేలిక. దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లే. ఆమెకు కావలసింది ఒక్క ముక్క: కట్టు బిగించవద్దు, కోయవద్దు, మంత్రగాడి దగ్గర గంట పోగొట్టవద్దు, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. పాలు పోసిన చేత్తోనే ఆమె ఈ ముక్క ఇంకో పదిమందికి చెప్తుంది, మనం ఆమెను ముందు మూఢురాలు అనకపోతే.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకు తిరిగి, ఈ లేఖ చదివి నవ్వుకుంటున్న ప్రవచనకారులకూ, స్వస్థత కూటముల పాస్టర్లకూ, తాయెత్తులిచ్చే బాబాలకూ చెప్పాలి. సంబరపడకండి. దెయ్యాన్ని దేవుడి నీడన దాచి కాపాడుతున్నది మీరే. దెయ్యం లేదన్నవాడు రేపు దేవుడూ లేడంటాడు అని టీవీలో కూర్చుని చెప్పే పెద్దలు, మా వక్త వాడిన సమీకరణాన్నే వాడుతున్నారు, దిక్కు మార్చి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, నయమవుతుందని దర్గా దగ్గర వదిలిన మానసిక రోగులు గొలుసులతో కట్టి ఉండగా పాక అంటుకుని 28 మంది కాలిపోయారు. వాళ్లకు పట్టినది జబ్బు. మీ దేవుడికి అగౌరవం అంటూ జరిగితే అది అక్కడ జరిగింది, మందార రేకులు రుద్దిన కత్తి దగ్గర కాదు. ఒక మాట అన్నాడని వక్త మీద పోలీసు కేసు పెట్టించే మీ పద్ధతికి కూడా నేను పూర్తిగా వ్యతిరేకిని. నా వక్తతో నాకు తగువుంది, అది మా ఇంటి తగువు. అందులోకి పోలీసును పిలవకండి.

మళ్లీ మిత్రుల దగ్గరకు. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా గారి పేరు మనం ప్రతి సభలో తలుచుకుంటాం. ఆయన మెతకగా మాట్లాడేవారని నేను అనను, దేవుడి మీద తన అభిప్రాయానికి కళాశాల ఉద్యోగాన్నే మూల్యంగా చెల్లించిన మనిషి. అయినా 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీని కలిసినప్పుడు ఆయన తన నాస్తికత్వాన్ని దాచుకోలేదు, గాంధీ తన దేవుణ్ణి వదులుకోలేదు. అస్పృశ్యత మీద పని దగ్గర ఇద్దరికీ అది అడ్డు రాలేదు. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ తన ఉద్యమం దేవుడి మీద కాదని, దేవుడి పేరున జరిగే దోపిడీ మీద అని ఏళ్ల తరబడి చెప్పాడు. చెప్పినా 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ సంవత్సరమే వచ్చిన అక్కడి చట్టం నరబలినీ, భూతవైద్యం పేరున కొట్టడాన్నీ, మంత్రగత్తె అని ముద్ర వేయడాన్నీ నేరం చేసింది. ప్రదక్షిణలు, యాత్రలు, హరికథలు, భజనలు, ఇంట్లో గుడిలో దర్గాలో చర్చిలో చేసుకునే ప్రార్థనలు దీని కిందికి రావని అదే చట్టంలో రాసుకున్నారు. అది లొంగిపోవడమని కొందరు అన్నారు. నాకు మాత్రం దేవుడికీ దెయ్యానికీ మధ్య గీత గీయడం శాసనసభకైనా చేతనైందనిపించింది. కర్ణాటక 2017లో చట్టం చేసి 2020 నుంచి అమలు చేస్తోంది. బిహార్‌లో 1999 నుంచే ఉంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

కాబట్టి అడుగుతున్నాను:

1. బాణామతి, చేతబడి, చిల్లంగి ఆరోపణ ఉన్న ఊరికి వెళ్లినప్పుడు దేవుడి ఉనికి గురించి వేదిక మీద ఒక్క మాట కూడా వద్దు. ఆ చర్చ చేయవద్దని కాదు. పట్నంలో హాలు తీసుకుని, కరపత్రం వేసి, అవతలి పక్షాన్ని కూడా పిలిచి చేయండి, నేనూ వస్తాను. ఆరోపణకు గురైన మనిషి ప్రాణాన్ని ఆ చర్చకు పణంగా పెట్టవద్దు.

2. ప్రదర్శనకు ముందు రోగి. ఊళ్లో అడుగుపెట్టగానే జబ్బుపడినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పశువు చనిపోతే పశువైద్యుణ్ణి వెంట తీసుకురావాలి. పచ్చకామెర్లు అన్న ఒక్క మాట ఆ సాయంత్రం మా దగ్గర ఉండి ఉంటే పర్మాంగనేటు అవసరమే పడేది కాదు.

3. సభ అయిపోయాక కనీసం మూడు నెలలు ఆ ఇంటికి ఎవరో ఒకరు వారానికోసారి వెళ్లాలి. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు. బోరింగు దగ్గర ఆమె బిందె పక్కన మన బిందె పెట్టడానికి.

4. రెండు రాష్ట్రాల్లోనూ చట్టం కోసం ముసాయిదా తయారుచేసి శాసనసభ్యులకు ఇవ్వండి. పూజకూ ప్రార్థనకూ అందులో మినహాయింపు స్పష్టంగా రాయండి. సంతకాలకు గుళ్ల దగ్గరికీ మసీదుల దగ్గరికీ చర్చిల దగ్గరికీ కూడా వెళ్లండి. మా వీధిలో అయ్యప్ప మాల వేసుకునే ముగ్గురు ఇప్పటికే పెడతామన్నారు.

5. కొత్త వక్తలకు శిక్షణలో టీ పాత్రలూ స్పఘెట్టి భూతాలూ తగ్గించి, ఆ కుర్రాడి తండ్రి ప్రశ్నకు జవాబు నేర్పండి. నాకు ఆ రోజు నోట మాట రాలేదు. ఏడాది తరువాత దొరికిన జవాబు ఇది: "మీ అమ్మవారు ఉందో లేదో నేను తేల్చలేను అన్నా. కానీ నీ గేదెలు ఏం మేశాయో తేల్చగలను. పద, చేను చూపించు."

6. ఈ లేఖకు జవాబు బహిరంగంగా ఇవ్వండి. నేను చెప్పినది తప్పయితే ఏది తప్పో చెప్పండి. రాజ్యాంగం 51ఎ అధికరణలో శాస్త్రీయ దృష్టిని పౌరుడి విధిగా రాశారు, 25వ అధికరణలో విశ్వాస స్వేచ్ఛను హక్కుగా రాశారు. రెండూ ఒకే పుస్తకంలో సర్దుకుని ఉన్నాయి. మన కార్యవర్గంలో ఎందుకు సర్దుకోవో నాకు అర్థం కావడం లేదు.

చివరిగా ఒక పని సంగతి. పోయిన నెల ఆ ఊరికి ఒక్కణ్ణే వెళ్లాను. కుర్రాడు బడికి పోతున్నాడు. నిమ్మకాయ కోసిన ఆమె నన్ను గుర్తుపట్టింది, కూర్చోమని పీట వేసింది గానీ మాట కలపలేదు. మళ్లీ సభ పెట్టుకోనిస్తారా అని ఊరి పెద్దలను అడిగాను. పోచమ్మ జోలికి రాకుండా ఉంటే పోచమ్మ గుడి ముందే పెట్టుకోమన్నారు, అక్కడైతే కరెంటు ఉంటుంది, నీడ ఉంటుంది అన్నారు. ముసలామెను కూతురి ఊరి నుంచి తీసుకురావడానికి ఆటో నేను మాట్లాడతాను. గ్లిసరిన్ ఇంకా అరసీసా ఉంది. మందార చెట్టు మా పెరట్లోదే. మీరు తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు